లూయీ బ్రెయిలీ

లూయీ బ్రెయిలీ (జనవరి 4, 1809 - జనవరి 6, 1852) ఫ్రాన్సు దేశానికి చెందిన ఉపాధ్యాయుడు, సంగీతకారుడు. అంధులు వ్రేళ్ళతో తాకి చదువుకొనుటకు, తమ చేతితో తామే వ్రాసుకొనుటకు వీలైన చుక్కల లిపిని ఇతడు రూపొందించాడు. అతని పేరు మీదనే ఆ లిపికి బ్రెయిలీ లిపి అని పేరు వచ్చింది. బాల్యంలోనే చూపు కోల్పోయిన బ్రెయిలీ ఈ లిపి యొక్క ముఖ్య స్వరూపాన్ని 15 ఏళ్ళ వయసులోనే సిద్ధం చేశాడు. కంటికి నచ్చిన అక్షరం వ్రేలికి కూడా నచ్చవలసిన పని లేదని గ్రహించడమే అతని కృషికి మూలం. నేడు తెలుగుతో సహా ప్రపంచంలోని అనేక భాషలలో ఈ లిపి వాడుకలో ఉంది.

బాల్యం

బ్రెయిలీ పారిస్ నగరానికి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న కూప్‌వ్రే అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి సైమన్ రెనే, తల్లి మోనిక్. నలుగురు సంతానంలో లూయీ చివరివాడు. తండ్రి గుర్రాలకు జీనులు, కళ్ళేలు, పగ్గాలు తయారు చేసేవాడు. 1812లో, మూడేళ్ళ వయసులో, లూయీ తండ్రి పనిచేసే గదిలో ఆడుకొనుచు తోలుకు రంధ్రాలు చేసే ఆరె వంటి మొనదేలిన పనిముట్టును తీసుకున్నాడు. అది జారి అతని కంటిలో గుచ్చుకున్నది. గాయం చీము పట్టింది. ఆ కాలంలో సూక్ష్మక్రిములను అరికట్టే మందులు లేవు. వ్యాధి రెండవ కంటికి కూడా సోకి, అయిదేళ్ళు నిండేసరికి లూయీ పూర్తిగా అంధుడయ్యాడు.

ఆ రోజులలో పేద కుటుంబాలలోని అంధ బాలలకు భిక్షాటన తప్ప వేరు దారి ఉండేది కాదు. లూయీ తల్లిదండ్రులు అందుకు అంగీకరించలేదు. తండ్రి కర్రలు చెక్కి ఇవ్వగా, వాటి సాయంతో ఆ బాలుడు ఊరి వీధులలో ఒంటరిగా తిరగడం నేర్చుకున్నాడు. చెక్క మీద మేకులు కొట్టి అక్షరాల ఆకారాలను తాకించి నేర్పినది కూడా తండ్రే. గ్రామంలోని మతాచార్యుడు జాక్ పల్యూయి ఆ బాలుని తెలివిని గుర్తించి, పాఠాలు చెప్పి, ఊరి బడిలో చేర్పించాడు. అక్కడ విన్నది విన్నట్లు జ్ఞాపకం ఉంచుకొని లూయీ తోటి పిల్లలతో సమానంగా చదివాడు. కాని చదువుట, వ్రాయుట అతనికి సాధ్యం కాలేదు.

పారిస్ పాఠశాల

గ్రామపెద్దల సహాయంతో ఉపకార వేతనం లభించి, 1819 ఫిబ్రవరిలో, పదేళ్ళ వయసులో, లూయీ పారిస్‌లోని అంధ బాలల రాజకీయ విద్యాసంస్థలో చేరాడు. 1785లో వాలెంటిన్ ఆయీ స్థాపించిన ఈ సంస్థను ప్రపంచంలో అంధుల కొరకు ఏర్పడిన తొలి పాఠశాలగా పేర్కొంటారు. అప్పుడు అది ఒక పాత భవనంలో ఉండేది. గదులు ఇరుకు, గోడలు చెమ్మ. బ్రెయిలీకి తరువాతి కాలంలో వచ్చిన క్షయవ్యాధికి ఈ వాతావరణం కూడా ఒక కారణమని భావిస్తారు.

ఆ పాఠశాలలో ఆయీ కనిపెట్టిన ఉబ్బెత్తు అక్షరాల పుస్తకాలు ఉండేవి. తడిపిన దళసరి కాగితాన్ని పెద్ద పెద్ద లోహపు అచ్చుల మీద అదిమితే, మామూలు రోమన్ అక్షరాలు కాగితం మీద ఉబ్బెత్తుగా తేలేవి. అంధులు చదువగలరని లోకానికి మొదటిసారి నిరూపించిన పద్ధతి ఇది. అయితే దీనిలో మూడు లోపాలు ఉండేవి.

మొదటిది, ఒక్కొక్క అక్షరం చుట్టూ వ్రేలు త్రిప్పి పోల్చుకోవలసి రావడం వలన చదువు చాలా నెమ్మదిగా సాగేది. రెండవది, పుస్తకాలు మోయలేనంత బరువుగా, కొనలేనంత ఖరీదుగా ఉండేవి. అందువలన పాఠశాల మొత్తంలో కొద్ది పుస్తకాలు మాత్రమే ఉండేవి. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. ఈ అక్షరాలను అంధులు తామే వ్రాసుకొనే వీలు లేదు. చూపున్నవారు అచ్చు వేసి ఇచ్చినది చదవడమే తప్ప, తన ఆలోచనను కాగితం మీద పెట్టుకొనే అవకాశం అంధ విద్యార్థికి లేదు.

బార్బియే పద్ధతి

1821లో, ఫిరంగి దళంలో అధికారిగా పనిచేసిన చార్లెస్ బార్బియే తాను కనిపెట్టిన చుక్కల వ్రాతను ఈ పాఠశాలకు తెచ్చాడు. సైనికులు చీకటిలో చదువుకొనుటకు నెపోలియన్ కోరికపై దీనిని తయారు చేశాడని ఒక కథ ప్రచారంలో ఉంది. దానికి గట్టి ఆధారాలు లేవని తరువాతి పరిశోధకులు చూపారు.

బార్బియే ఫ్రెంచి భాషలోని ధ్వనులను 36గా విభజించి, ఆరు వరుసలు, ఆరు నిలువుల పట్టికలో అమర్చాడు. ఒక్కొక్క ధ్వనికి రెండు నిలువు వరుసలలో చుక్కలు పెట్టాలి. మొదటి నిలువులోని చుక్కలు పట్టికలో వరుసను, రెండవ నిలువులోనివి ఆ వరుసలో స్థానాన్ని తెలుపుతాయి. ఒక ధ్వనికి గరిష్ఠంగా 12 చుక్కలు అవసరమయ్యేవి. గాళ్ళు ఉన్న పలక మీద కాగితం ఉంచి, మొనదేలిన పుల్లతో గ్రుచ్చి వ్రాయాలి.

చుక్కను వ్రేలు గీత కంటె సులువుగా పోల్చుకుంటుందని విద్యార్థులు వెంటనే గ్రహించారు. పైగా దీనిని ఎవరికి వారే వ్రాసుకోవచ్చు. అయితే 12 చుక్కల గుర్తు వ్రేలికొనలో ఇమడదు. ధ్వనులను మాత్రమే వ్రాయడం వలన వర్ణక్రమం నేర్చుకొనే వీలు లేదు. అంకెలకు, విరామ చిహ్నాలకు, సంగీతానికి దీనిలో గుర్తులు లేవు. ఈ లోపాలను సవరించే పనికి 12 ఏళ్ళ బ్రెయిలీ పూనుకున్నాడు.

ఆరు చుక్కల లిపి

పగలు పాఠాలు, రాత్రి ప్రయోగాలు. సెలవులకు ఊరు వెళ్ళినపుడు కూడా బ్రెయిలీ కాగితం, పలక వెంట ఉంచుకొనేవాడు. 1824 నాటికి లిపి ఒక రూపానికి వచ్చింది. అతడు చేసిన మార్పులు ప్రధానంగా రెండు. ధ్వనులకు బదులు అక్షరాలకే గుర్తులు ఇచ్చాడు. 12 చుక్కలను ఆరుకు తగ్గించాడు. నిలువునా మూడేసి చుక్కలతో రెండు వరుసలుగా ఉండే ఈ గడి సరిగా వ్రేలికొన క్రింద ఇముడుతుంది. వ్రేలిని పైకి క్రిందికి కదపకుండా, ఒక్క తాకిడితో అక్షరం తెలుస్తుంది.

ఆరు చుక్కలలో కొన్నిటిని ఉబ్బెత్తుగా ఉంచి, కొన్నిటిని వదలివేస్తే 63 వేర్వేరు గుర్తులు వస్తాయి. వీటిని బ్రెయిలీ ఒక క్రమంలో అమర్చాడు. మొదటి పది అక్షరాలకు గడిలోని పై నాలుగు చుక్కలే వాడాడు. అదే పది గుర్తులకు క్రింద ఎడమ చుక్క చేర్చితే తరువాతి పది అక్షరాలు, క్రింది రెండు చుక్కలూ చేర్చితే ఆ తరువాతివి వస్తాయి. మొదటి పది గుర్తులు నేర్చుకున్నవారికి మిగిలినవి సులభం. ఆ పది గుర్తుల ముందు సంఖ్యాసూచిక ఉంచితే అవే అంకెలవుతాయి.

ఈ పద్ధతిని వివరిస్తూ బ్రెయిలీ 1829లో ఒక పుస్తకం ప్రచురించాడు. మాటలను, సంగీతాన్ని చుక్కలతో వ్రాసే విధానం దానిలోని విషయం. ఆ పుస్తకాన్ని పాత ఉబ్బెత్తు రోమన్ అక్షరాలలోనే అచ్చు వేయవలసి వచ్చింది. తొలి రూపంలో చుక్కలతో పాటు చిన్న గీతలు కూడా ఉండేవి. అవి వ్రాయుటకు కష్టమని తేలడంతో 1837 నాటి రెండవ ముద్రణలో తొలగించాడు. అదే సంవత్సరం ఫ్రాన్సు చరిత్ర సంగ్రహం ఒకటి మూడు సంపుటాలుగా ఈ లిపిలో వెలువడింది.

ఉపాధ్యాయుడు, సంగీతకారుడు

బ్రెయిలీ 1828లో అదే సంస్థలో సహాయ బోధకుడుగా, 1833లో పూర్తి స్థాయి ఉపాధ్యాయుడుగా నియమితుడయ్యాడు. సంగీతంలోనూ అతడు ప్రవీణుడు. పారిస్‌లోని సెయింట్ నికొలా దె షాంప్ చర్చిలో కొంతకాలం ఆర్గాన్ వాద్యకారుడుగా పనిచేశాడు. స్వరలిపిని కూడా ఆరు చుక్కలలోకి తేవడానికి ఈ అనుభవం ఉపకరించింది.

అంధులు తమలో తాము ఉత్తరాలు వ్రాసుకొనడం సాధ్యమయింది కాని, చూపున్న బంధువులకు ఆ చుక్కలు తెలియవు. ఈ లోటు తీర్చడానికి బ్రెయిలీ 1839లో మరొక విధానం ప్రకటించాడు. దీనిలో మామూలు రోమన్ అక్షరాల ఆకారాలనే చుక్కలతో కూర్చి వ్రాస్తారు. అంధుడు తాకి చదవవచ్చు, ఇంటివారు కంటితో చదవవచ్చు. అతని మిత్రుడు, తానూ అంధుడైన పియెర్ ఫూకో, ఈ చుక్కలను త్వరగా వేసే యంత్రాన్ని తయారు చేశాడు.

నిషేధం, గుర్తింపు

విద్యార్థులు చుక్కల లిపిని ఇష్టంగా నేర్చుకున్నా, సంస్థ దానిని అధికారికంగా స్వీకరించలేదు. చూపున్న ఉపాధ్యాయులకు ఈ లిపి కొత్త. అంధులకు వేరే లిపి ఉంటే వారు సమాజానికి దూరమవుతారని వారి వాదన. బ్రెయిలీని ప్రోత్సహించిన సంచాలకుడు పిన్యే 1840లో పదవి కోల్పోయాడు. తరువాత వచ్చిన దుఫో ఉబ్బెత్తు అక్షరాలలోనే మరొక పద్ధతిని ప్రవేశపెట్టి, చుక్కల లిపిని నిషేధించాడు. ఉన్న పుస్తకాలను తగులబెట్టించాడని జీవితచరిత్రకారులు వ్రాశారు.

విద్యార్థులు లొంగలేదు. పలకలు, పుల్లలు దొరకనపుడు దొరికిన సూదులతోనే రహస్యంగా వ్రాసుకున్నారు. పెద్ద తరగతులవారు చిన్నవారికి నేర్పారు. అంధుల కొరకు ఏది మేలో చూపున్నవారు నిర్ణయించగా, ఆ నిర్ణయాన్ని అంధ బాలలే త్రిప్పికొట్టిన సందర్భం ఇది. సహాయ సంచాలకుడు జోసెఫ్ గాదే ఈ పట్టుదలను గమనించి దుఫోకు నచ్చజెప్పాడు. సంస్థ కొత్త భవనానికి మారిన పిమ్మట, 1844 ఫిబ్రవరిలో జరిగిన ప్రారంభోత్సవంలో బ్రెయిలీ లిపిని బహిరంగంగా ప్రదర్శించారు. సభలో చెప్పిన వాక్యాలను ఒక బాలిక చుక్కలలో వ్రాసింది. ఆ సమయంలో బయట ఉన్న మరొక బాలిక లోపలికి వచ్చి, దానిని తాకి చదివింది. ఆ సభలోనే గాదే ఈ లిపికి కర్త బ్రెయిలీ అని ప్రకటించాడు.

చివరి రోజులు

అప్పటికే బ్రెయిలీని క్షయవ్యాధి పీడిస్తున్నది. వ్యాధి ముదిరినపుడు బోధన మాని ఊరిలో విశ్రాంతి తీసుకొనేవాడు. కొంచెం తేరుకొనగానే మరల పారిస్ చేరేవాడు. 1852 జనవరి 6న, 43వ జన్మదినం గడచిన రెండు రోజులకు, మరణించాడు. స్వగ్రామంలో ఖననం చేశారు. పారిస్ పత్రికలు అతని మరణాన్ని పట్టించుకోలేదు. రెండేళ్ళ తరువాత, 1854లో, అతడు చదివి, బోధించిన సంస్థ ఈ లిపిని అధికారికంగా స్వీకరించింది.

లిపి వ్యాప్తి

1868లో బ్రిటన్‌లో థామస్ ఆర్మిటేజ్ అనే వైద్యుడు, చూపు మందగించి వృత్తి మానుకున్న తరువాత, ఈ లిపి ప్రచారానికి ఒక సంఘాన్ని స్థాపించాడు. 1878లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం బ్రెయిలీ లిపికి మద్దతు తెలిపింది. అమెరికాలో పలు చుక్కల లిపుల మధ్య దీర్ఘకాలం పోటీ సాగింది. 1932లో ఆంగ్ల భాషకు ఉమ్మడి బ్రెయిలీ విధానం కుదిరింది.

భారతదేశంలో మొదట ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క చుక్కల పద్ధతి ఉండేది. స్వాతంత్ర్యానంతరం భారత ప్రభుత్వ కోరికపై యునెస్కో చొరవ తీసుకొనగా, 1951లో భారతీ బ్రెయిలీ అనే ఉమ్మడి విధానం ఏర్పడింది. దీనిలో భారతీయ భాషలన్నిటిలోను ఒకే ధ్వనికి దాదాపు ఒకే గుర్తు ఉంటుంది. తెలుగు క, హిందీ క ఒకే చుక్కలతో వ్రాస్తారు. తెలుగు వ్రాతలో గుణింతపు గుర్తులు హల్లుకు పైన, ప్రక్కన చేరుతాయి. బ్రెయిలీలో అచ్చు గుర్తు హల్లు తరువాత వేరే గడిలో వస్తుంది. అందువలన తెలుగు అనే మూడక్షరాల మాటకు ఆరు గడులు కావాలి.

కంప్యూటర్ యుగంలో

1999లో యూనికోడ్ ప్రమాణంలో బ్రెయిలీ గుర్తులకు స్థానం లభించింది. కంప్యూటర్ అవసరాల కొరకు ఎనిమిది చుక్కల గడిని తీసుకొని 256 గుర్తులు చేర్చారు. తెరపై ఉన్న పాఠాన్ని చిన్న మేకులు పైకి లేచి క్రిందికి దిగే పట్టీ మీద బ్రెయిలీగా చూపే పరికరాలు వచ్చాయి. అదే పాఠాన్ని చదివి వినిపించే సాఫ్టువేరులు కూడా ఉన్నాయి. అయితే వెబ్ పుటలోని విషయం అక్షరాల రూపంలో ఉన్నప్పుడే ఇవి సక్రమంగా పనిచేస్తాయి. వివరణ లేని బొమ్మ, బొమ్మగా పెట్టిన ప్రకటన చదువరి వ్రేలికి శూన్యమే. అందువలన బొమ్మలకు ప్రత్యామ్నాయ పాఠం ఇవ్వాలని 1999లో వెలువడిన తొలి అంతర్జాతీయ వెబ్ సౌలభ్య మార్గదర్శకాలు సూచించాయి.

అంధులకు చదువదగిన రూపంలో పుస్తకాలు అందించడానికి కాపీహక్కుల అడ్డంకిని తొలగించే మర్రకేష్ ఒప్పందం 2013లో కుదిరింది. 2014లో దానిని ఆమోదించిన మొదటి దేశం భారతదేశం.

స్మారకాలు

* 1952లో, మరణించిన నూరేళ్ళకు, బ్రెయిలీ అవశేషాలను పారిస్‌లోని పాంథియాన్‌కు తరలించారు. అతని చేతులను మాత్రం కూప్‌వ్రేలోనే ఉంచారు.
* కూప్‌వ్రేలోని అతని జన్మగృహం ప్రదర్శనశాలగా మారింది.
* 2009లో ద్విశతజయంతి సందర్భంగా భారతదేశం రెండు రూపాయల నాణెం విడుదల చేసింది.
* ఐక్యరాజ్యసమితి నిర్ణయం మేరకు 2019 నుండి జనవరి 4ను ప్రపంచ బ్రెయిలీ దినోత్సవంగా జరుపుతున్నారు.
* 9969 సంఖ్య గల గ్రహశకలానికి బ్రెయిలీ పేరు పెట్టారు.