సర్ హంఫ్రీ డేవీ

సముద్రజలము లోహములకు పగవంటిది. ఇనుప మేకు నొకదానిని ఉప్పునీటిలో నుంచినచో కొలదిదినములలోనే త్రుప్పు పట్టును. రెండు వేరు లోహములు ఒకదాని నొకటి తాకుచు ఆ నీట మునిగియున్నచో, వానిలో నొకటి మరింత వేగముగా క్షయించును. ఈ కీడునుండియే ఒక మేలును సాధించిన శాస్త్రజ్ఞుడు సర్ హంఫ్రీ డేవీ.

డేవీ 1778వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన, ఇంగ్లండు దేశమునకు నైరృతి కొనయందున్న కార్న్‌వాల్ సీమలో, పెంజాన్స్ అను రేవుపట్టణమున జన్మించెను. తండ్రి కొయ్యచెక్కడపు పనివాడు. ఆయన 1794లో మరణించుటతో కుటుంబభారము తల్లిపై బడెను. ఐదుగురు సంతానములో జ్యేష్ఠుడైన డేవీ మరుసటి యేట ఒక వైద్యునికడ శిష్యుడుగా చేరెను. అచ్చటి మందుల గదియే అతనికి తొలి ప్రయోగశాల అయ్యెను.

1798లో అతడు బ్రిస్టల్ నగరమునకు పోయి, వాయువులతో రోగములను కుదుర్చు మార్గములను పరిశోధించు సంస్థలో చేరెను. అచ్చట నైట్రస్ ఆక్సైడు అను వాయువును తానే పీల్చి దాని గుణములను తెలిసికొనెను. 1801లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో అతనికి ఉద్యోగము లభించెను. అతని ఉపన్యాసములు వినుటకు జనులు తండోపతండములుగా వచ్చెడివారు. 1807లో విద్యుత్తు సాయముతో పొటాసియము, సోడియము అను లోహములను మొట్టమొదట వేరుచేసెను. 1815లో గనులలోని మండువాయువు అంటుకొనకుండ కాపాడు దీపమును నిర్మించెను. దానిపై హక్కుపత్రము పొంది ధనమార్జింప నతడు సమ్మతింపలేదు. 1820లో రాయల్ సొసైటీకి అధ్యక్షుడయ్యెను.

ఆ కాలమున ఇంగ్లండు నౌకాదళమునకు పెద్ద చిక్కు కలిగెను. కొయ్య ఓడల అడుగుభాగమును సముద్రపు పురుగులు తొలచకుండుటకును, నాచు, గుల్లలు పట్టకుండుటకును రాగిరేకులు తాపడము చేయుచుండిరి. ఉప్పునీరు ఆ రేకులను తినివేయుచుండెను. వానిని మరల మరల మార్చుటకు విశేషధనము వ్యయమగుచుండెను. 1823లో నౌకాశాఖవారు రాయల్ సొసైటీ సలహా గోరగా, డేవీ స్వయముగా ఆ పనికి పూనుకొనెను.

రాగిలోని కల్మషమే ఈ చేటునకు మూలమని పలువురు తలంచుచుండిరి. నీటిలో కరగియున్న గాలియు, ఉప్పును కలిసి రాగిని హరించుచున్నవని డేవీ కనుగొనెను. రాగికంటె సులభముగా కరగు లోహమును రాగికి తాకించినచో, వాని నడుమ విద్యుత్తు పుట్టి, ఆ లోహమే కరగుననియు, రాగి నిలుచుననియు అతడు ఊహించెను. ప్రయోగము ఊహను నిజము చేసెను. బఠాణీగింజయంత యశదము, అనగా జింకు, నలుబది యేబది చదరపు అంగుళముల రాగిని చెక్కుచెదరకుండ కాపాడెను. 1824లో ఈ సంగతిని అతడు రాయల్ సొసైటీకి నివేదించెను. వెంటనే కొన్ని ఓడలకు ఇనుప ముక్కలను బిగించిరి.

కాని సముద్రము మరియొక పాఠమును నేర్పెను. తిరిగివచ్చిన ఓడల రాగి చెడలేదు. అయినను వాని అడుగున నాచును, గుల్లలును దట్టముగా పెరిగి ఓడల వేగము తగ్గెను. రాగి కొంచెము కొంచెముగా కరగుచు విషమై ఆ జీవులను దూరముగా నుంచుచుండెను. కరగుట మానగనే ఆ రక్షణయు పోయెను! డేవీ ప్రయోగము నెగ్గుటయే అతని ఓటమికి హేతువయ్యెను. 1825లో నౌకాశాఖవారు సముద్రయానము చేయు ఓడలనుండి ఆ ముక్కలను తొలగింప నాజ్ఞాపించిరి. పలువురు అతనిని నిందించిరి. ఆ నింద అతని మనస్సును మిక్కిలి నొప్పించెను. పిమ్మట అతని ఆరోగ్యము చెడగా, 1827లో అధ్యక్షపదవిని విడిచెను. 1829 మే 29వ తేదీన జెనీవా నగరమున, ఏబది యేండ్ల వయస్సున మరణించెను.

అతని సూత్రము మాత్రము మరణింపలేదు. కొయ్య ఓడలు పోయి ఉక్కు ఓడలు వచ్చెను. ఉక్కును కాపాడుటకు యశదపు దిమ్మలను బిగించిరి. నాచును ఆపుటకు వేరుగ రంగులు పూసిరి. నేడు చిన్నపడవ వెనుక తగిలించు ఔట్‌బోర్డు మోటారునకు సయితము, నీట మునుగు భాగమున ఇట్టి లోహపు ముక్క యుండును. మోటారు దేహమైన అల్యూమినియమునకు బదులుగా ఆ ముక్క కరగును. దానికి రంగు పూయరాదు. పూసినచో నీరు తగులక అది నిరుపయోగమగును. సగము కరగగనే మార్చవలెను. సముద్రమునుండి వచ్చిన పిదప మోటారులోనికి మంచినీటిని పారించి, లోపల నిలిచిన ఉప్పును కడిగివేయవలెను.

ఆ చిన్నముక్క తాను క్షయించి మోటారును నిలుపుచున్నది. నాడు తొలగింపబడిన ఉపాయము నేడు లోకమంతట వాడుకలో నున్నది. ఒక యత్నము విఫలమైనంతమాత్రమున అందలి సత్యము అసత్యము కాదని డేవీ చరిత్ర మనకు తెలుపుచున్నది.