రైలుతో ఊళ్లను కలిపారు.. సరిహద్దుతో విడదీశారు! పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి కథ ఇదీ

టెక్కలికి రైలు ఎవరు తెచ్చారో తెలుసా? హౌరా-చెన్నై మెయిన్ లైన్ మీద పలాస ఉంది, నౌపడ ఉంది, కోటబొమ్మాళి, హరిశ్చంద్రపురం ఉన్నాయి. టెక్కలి మాత్రం ఆ లైన్‌కు పక్కన ఉండిపోయింది. నౌపడ నుంచి టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి వరకు పట్టాలు వేయించింది పర్లాకిమిడి రాజ కుటుంబం. తండ్రి మొదలుపెట్టిన ఆ లైన్‌ను కొడుకు ఇంకా ముందుకు తీసుకెళ్లారు. ఆ కొడుకే కృష్ణచంద్ర గజపతి నారాయణ దేవ్.

తండ్రి వేసిన పట్టాలు

కృష్ణచంద్ర గజపతి 1892 ఏప్రిల్ 26న పుట్టారు. తండ్రి గౌరచంద్ర గజపతి. కోస్తాలో మెయిన్ లైన్ పడ్డాక ఆయనకో ఆలోచన వచ్చింది. రైలు నౌపడ దాకా వచ్చింది సరే, అక్కడి నుంచి పర్లాకిమిడికి 40 కిలోమీటర్లు జనం బండ్ల మీదేనా వెళ్లాలి? అంతే.. సొంతంగా రైలు వేయాలని డిసైడ్ అయ్యారు.

ఖర్చు అప్పట్లోనే రూ.7 లక్షలు. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. అందుకే దీన్ని లైట్ రైల్వే అన్నారు. 1900 ఏప్రిల్ 1న రైలు మొదలైంది. అప్పటికి కృష్ణచంద్రకు ఇంకా ఎనిమిదేళ్లు నిండలేదు.

పదేళ్లు నష్టాలే.. అయినా ఆపలేదు

ఇక్కడే అసలు విషయం ఉంది. మొదటి పదేళ్లు ఆ రైలుకు లాభం లేదు. నష్టం వస్తోందని మూసేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ నడిపించారు. 1910 తర్వాత కొద్దికొద్దిగా మిగలడం మొదలైంది.

1913లో కృష్ణచంద్ర జమీందారీ బాధ్యతలు తీసుకున్నారు. 1924-25 తర్వాత రైలు ఆదాయం ఇంకా పెరిగింది. వచ్చిన డబ్బు చూసి ఆయన అక్కడితో సరిపెట్టుకోలేదు. వంశధార లోయలో ఉన్న గుణుపూర్ వరకు లైన్ పొడిగించారు. 1929లో కొంత, 1931లో మిగతాది పూర్తయింది. మొత్తం 90 కిలోమీటర్లు. కొండ ప్రాంతానికి, ఉప్పు మడులున్న నౌపడకు మధ్య నేరుగా దారి పడింది.

వ్యవసాయం మీదా ఆయనకు పట్టుంది. బ్రిటిష్ ప్రభుత్వం వేసిన రాయల్ వ్యవసాయ కమిషన్‌లో సభ్యుడిగా పని చేశారు.

మరి సరిహద్దు సంగతేంటి?

ఒడిశా వాళ్లకు ఆయన ప్రత్యేక రాష్ట్రం తెచ్చిన నాయకుడు. లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లి మరీ ఒరియా వాళ్లకు వేరే రాష్ట్రం కావాలని వాదించారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడింది. సరిగ్గా ఏడాదికి, 1937 ఏప్రిల్ 1న ఆ రాష్ట్రానికి తొలి ప్రధానమంత్రి అయ్యారు. అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు. 1941 నుంచి 1944 దాకా మళ్లీ ఆ పదవిలో ఉన్నారు. తర్వాత రాజ్యాంగ సభలోనూ సభ్యుడయ్యారు.

తెలుగు వాళ్లకు మాత్రం ఇది తియ్యటి కథ కాదు. ఆయన జమీందారీలో తెలుగు పల్లెలు బోలెడు. పర్లాకిమిడి పట్టణం ఒరిస్సాలోకి వెళ్లింది, టెక్కలి, పాతపట్నం మద్రాసులో ఉండిపోయాయి. పర్లాకిమిడిలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు ఆ విభజనను గట్టిగా వ్యతిరేకించారు. మాట చెల్లకపోవడంతో 1936లో ఊరే వదిలేసి రాజమండ్రి వెళ్లిపోయారు.

అంటే ఒకే మనిషి రైలుతో ఊళ్లను కలిపారు, సరిహద్దుతో విడదీశారు. అయితే రైలు మాత్రం ఆగలేదు. రెండు రాష్ట్రాల మధ్య అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

రైలు ఆగిన ఆరేళ్లు

కృష్ణచంద్ర గజపతి 1974 మే 25న కన్నుమూశారు. 1992లో ఒడిశాలో కొత్తగా ఏర్పడిన జిల్లాకు గజపతి అని ఆయన పేరే పెట్టారు. బ్రాడ్‌గేజ్ పనుల కోసం 2004లో చిన్న రైలును ఆపేశారు. పర్లాకిమిడికి పెద్ద రైలు రావడానికి 2010 దాకా, గుణుపూర్‌కు 2011 దాకా పట్టింది. రాజుగారి కాలంలో ఒక్కరోజులో పడిన దారి కాదు, మన కాలంలోనూ కాదు. కానీ ఈ ఆరేళ్లూ ఆ దారిలో రైలే దిక్కైన వాళ్లు బస్సులు, ఆటోలు పట్టుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడెందుకీ కథ?

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు వైపు విరుచుకుపడింది. చెట్లు అడ్డంగా పడి ఉద్దానం పల్లెలకు రోడ్లు మూసుకుపోయాయి. ఇదే ఉద్దానంలో కిడ్నీ రోగులకు వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్ ఉంటుంది. పలాసలో 200 పడకల ఆస్పత్రి వచ్చింది, మంచిదే. కానీ అక్కడికి చేరే దారి, చవకైన బండి లేకపోతే ఆ పడకలు పేషెంట్‌కు అందనట్టే.

పలాస-కాశీబుగ్గ అయినా, టెక్కలి అయినా బస్సు రూటు వేసేటప్పుడు మొదట అడిగే ప్రశ్న కలెక్షన్ ఎంత అని. నౌపడ లైన్ చరిత్ర చెప్పేది ఒక్కటే.. ముందు దారి పడాలి, జనం అలవాటు పడాలి, డబ్బులు ఆ తర్వాత వస్తాయి. పదేళ్లు నష్టం భరించిన ఆ రైలు వందేళ్లకు పైగా నడిచింది.