పేజీ మూలలో మొలిచిన బఠానీ

మీ దగ్గరున్న నోట్‌బుక్ తీయండి. కుడివైపు పేజీలో కింది మూలన ఒక చుక్క పెట్టండి. పేజీ తిప్పి, తర్వాతి కుడి పేజీలో అదే చుక్కను కొంచెం పైకి జరిపి పెట్టండి. ఇలా ఓ ముప్ఫై పేజీలు గీశాక, బొటనవేలితో పేజీలను గబగబా వదలండి. చుక్క ఎగురుతుంది. మక్తల్‌లో చదువుకునే రోజుల్లో లాస్ట్ బెంచీలో కూర్చుని మేం ఇలాగే క్రికెట్ బంతిని బౌండరీ దాటించేవాళ్లం. సార్ బోర్డు వైపు తిరిగితే చాలు, సిక్సరే.

దీన్ని ఫ్లిప్ బుక్ అంటారని ఇంజినీరింగ్‌కు వచ్చాక గానీ తెలియలేదు. 1868లోనే ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌కు చెందిన జాన్ బార్న్స్ లిన్నెట్ దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఆయన వృత్తి ఏంటో తెలుసా? లితో ప్రింటింగ్. పేజీలు అచ్చు వేసే మనిషే బొమ్మను కదిలించే పుస్తకానికి హక్కు సంపాదించాడన్నమాట.

మన దేశంలోనూ దాదాపు ఇదే కథ జరిగింది. మనకు సినిమా తీసి చూపించిన పెద్దమనిషి కూడా ప్రింటింగ్ ప్రెస్ నుంచే వచ్చారు. ఆయన పేరు మీకు ఏటా వార్తల్లో వినిపిస్తుంది, జీకే ప్రశ్నల్లో కనిపిస్తుంది. దాదాసాహెబ్ ఫాల్కే. అవార్డు ఎవరికి వచ్చిందో బట్టీపట్టే మనం, ఆ మనిషి ఏం చేశాడో మాత్రం పెద్దగా పట్టించుకోం. ఉద్యోగాల వేటలో ఉన్న మీకు అవార్డు లిస్టు కంటే ఆయన జీవితమే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

అన్నీ నేర్చుకున్నారు, ఎక్కడా నిలవలేదు

ఫాల్కే అసలు పేరు ధుండిరాజ్ గోవింద్ ఫాల్కే. 1870 ఏప్రిల్ 30న నాసిక్ దగ్గరి త్ర్యంబకేశ్వర్‌లో పుట్టారు. తండ్రి సంస్కృత పండితుడు. కొడుకు మాత్రం బొమ్మల వైపు వెళ్లారు. 1885లో బొంబాయిలోని జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. తర్వాత బరోడాలోని కళాభవన్‌లో పెయింటింగ్, మోడలింగ్, ఫొటోగ్రఫీ నేర్చుకున్నారు. ఫొటోను అచ్చులోకి దించే బ్లాక్ మేకింగ్, లితో పనులూ పట్టుకున్నారు.

ఇన్ని స్కిల్స్ ఉన్నాయి కదా, సెటిలైపోయారు అనుకుంటున్నారా? లేదు. గోధ్రాలో ఫొటో స్టూడియో పెట్టారు. ప్లేగు వచ్చింది. ఆ మహమ్మారికి మొదటి భార్య, బిడ్డ బలైపోయారు. అక్కడి నుంచి వచ్చేశారు. నాటకాలకు తెరలు గీశారు. ఇంద్రజాలం నేర్చుకున్నారు. 1903లో పురావస్తు శాఖలో ఫొటోగ్రాఫర్, డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం దొరికింది. అంటే మన భాషలో చెప్పాలంటే గవర్నమెంట్ జాబ్. మూడేళ్లకే దాన్ని వదిలేసి లోనావలాలో సొంత ప్రెస్ పెట్టారు. రాజా రవివర్మ బొమ్మలను అచ్చు వేసే ప్రెస్‌కు పని చేసిపెట్టారు. తర్వాత ప్రెస్ బొంబాయికి మారింది, కొత్త భాగస్వామి వచ్చారు. రంగుల ముద్రణ యంత్రాల కోసం 1909లో ఆయన జర్మనీ వెళ్లొచ్చారు. వ్యాపారం బాగానే నడుస్తున్న సమయంలో భాగస్వామితో గొడవలొచ్చాయి. ఫాల్కే చేతిలో పెద్దగా ఏమీ లేకుండానే బయటికి నడిచారు.

అప్పటికి ఆయన వయసు 40. ఉద్యోగం లేదు. సొంత ప్రెస్ లేదు. ఇంట్లో భార్య, పిల్లలు. రెజ్యూమె చూస్తే ఏ హెచ్ఆర్ అయినా నిలకడ లేని మనిషని పక్కన పెట్టేసే పరిస్థితి. మీలో కొందరికి ఈ పరిస్థితి తెలిసే ఉంటుంది.

కుండీలో ప్రాజెక్టు

1911 ఈస్టర్ రోజుల్లో బొంబాయిలో ఒక డేరా థియేటర్లో ఏసుక్రీస్తు జీవితం మీద తీసిన సినిమా చూశారు ఫాల్కే. తెర మీద కదులుతున్న క్రీస్తును చూస్తుంటే, మన రాముడు, కృష్ణుడు కూడా ఇలా కదిలితే ఎలా ఉంటుందన్న ఆలోచన ఆయన్ను పట్టుకుంది. రోజుకు నాలుగైదు గంటలు సినిమాలు చూడటం మొదలుపెట్టారు. నిద్ర తగ్గింది. కళ్లు దెబ్బతిన్నాయి. కొంతకాలం చూపు పోయేంత వరకు వెళ్లింది. డాక్టరు వైద్యం చేసి, కళ్లజోళ్లు మారిస్తే గానీ తేరుకోలేదు.

తర్వాత తన ఇన్సూరెన్స్ పాలసీలు తాకట్టు పెట్టి, 1912 ఫిబ్రవరిలో లండన్ బయల్దేరారు. అక్కడ సినిమా పత్రిక ఎడిటర్‌ను కలిశారు. దర్శకుడు సెసిల్ హెప్‌వర్త్ స్టూడియోలో పని ఎలా జరుగుతుందో దగ్గరుండి చూశారు. ఒక విలియమ్‌సన్ కెమెరా, ఫిల్మ్‌కు రంధ్రాలు కొట్టే మిషన్ కొన్నారు. ఏప్రిల్‌లో తిరిగొచ్చారు.

ఇప్పుడు సినిమా తీయాలి. డబ్బు కావాలి. డబ్బున్నవాళ్లకు సినిమా అంటే నమ్మకం లేదు. మనమైతే ఏం చేస్తాం? ఒక పీపీటీ తయారుచేస్తాం. ఫాల్కే ఒక కుండీలో బఠానీ గింజ నాటారు.

కుండీ ఎదురుగా కెమెరా పెట్టారు. నెల రోజులకు పైగా దాన్ని కదపకుండా, మొక్క పెరుగుతున్న కొద్దీ విడివిడిగా ఫ్రేములు తీస్తూ పోయారు. గింజ పగలడం, మొలక రావడం, తీగ పాకడం. అంతా కలిపి తెర మీద నిమిషం పైచిలుకు. ఆ చిన్న ఫిల్మ్‌ను కొద్దిమందిని పిలిచి చూపించారు. నెల పట్టే పెరుగుదల కళ్ల ముందు నిమిషంలో జరిగిపోయింది. చూసినవాళ్లలో కొందరు అప్పు ఇవ్వడానికి ముందుకొచ్చారు.

ఒకసారి ఆలోచించండి. మనం నోట్‌బుక్ మూలలో చుక్కను జరిపిన పనికీ దీనికీ తేడా ఏముంది? బొమ్మ ఒక్కటే, ప్రతిసారీ కొద్దిగా మారుతుంది, వరసగా చూపిస్తే ప్రాణం వస్తుంది. సినిమా రీలు అంటే బైండింగ్ విప్పేసి నిలువుగా అతికించిన ఫ్లిప్ బుక్కే. ఏళ్ల తరబడి అచ్చు బొమ్మలతో కుస్తీ పట్టిన మనిషికి, బొమ్మ పక్కన బొమ్మను ఒకే చోట, ఒకే కొలతలో నిలపడం ఎంత ముఖ్యమో ఎవరూ చెప్పక్కర్లేదు. పాత పని ఊరికే పోలేదు.

59,200 పేజీల పుస్తకం

1913 మే 3న రాజా హరిశ్చంద్ర బొంబాయి కారొనేషన్ థియేటర్లో విడుదలైంది. మన దేశపు తొలి పూర్తి నిడివి కథాచిత్రంగా దాన్నే లెక్కిస్తారు. నిడివి సుమారు 3,700 అడుగులు. 35 ఎంఎం ఫిల్మ్‌లో అడుగుకు 16 ఫ్రేములు. గుణిస్తే 59,200. అంత లావు ఫ్లిప్ బుక్‌ను ఊహించుకోండి.

ప్రతి ఫ్రేముకూ రెండు వైపులా నాలుగేసి రంధ్రాలుండాలి. అంటే ఒక్క కాపీకే నాలుగున్నర లక్షలకు పైగా రంధ్రాలు. మరి మిషన్ పెట్టి ఆ రంధ్రాలు కొట్టిందెవరు? ఫాల్కే రెండో భార్య సరస్వతీబాయి. ఫిల్మ్ కడగడంలోనూ ఆమె చేయి ఉంది. యూనిట్ మొత్తానికి వంట ఆమెదే. డబ్బు చాలనప్పుడు నగలు కూడా ఇచ్చేశారు. వేషం వేయడానికి ఆడవాళ్లు ఎవరూ రాకపోతే, హోటల్లో వంట చేసే సాలుంకే అనే కుర్రాడు తారామతి అయ్యాడు. ఫాల్కే కొడుకు రోహితాశ్వుడయ్యాడు. సెల్ఫ్‌మేడ్ అనే మాట మనం చాలా తేలిగ్గా వాడేస్తాం. సెల్ఫ్‌మేడ్ మనిషి వెనుక ఇంట్లో రాత్రింబవళ్లు రంధ్రాలు కొట్టిన మనిషి ఒకరు ఉంటారు. మీ ఫీజు కట్టడానికి అమ్మ గొలుసు బ్యాంకులో ఉంటే, ఆమె పేరు కూడా మీ ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేజీలో ఉండాలి.

శబ్దం వచ్చాక

ఇక్కడితో ఆపేస్తే ఇది మోటివేషన్ క్లాసు అవుతుంది. పూర్తిగా చెప్పుకుందాం. 1917లో లంకాదహనం బాగా ఆడింది. 1918లో పెట్టుబడిదారులతో కలిసి నాసిక్‌లో హిందుస్థాన్ సినిమా ఫిల్మ్స్ అనే కంపెనీ మొదలైంది. మళ్లీ భాగస్వాములతో పొసగలేదు. వదిలేసి కాశీ వెళ్లారు, నాటకం రాశారు, మళ్లీ వచ్చారు. ఇంతలో 1931లో సినిమాకు మాట వచ్చింది. ఫాల్కే చేతిలో ఉన్న సేతుబంధన్ మూకీ చిత్రం. దానికి తర్వాత శబ్దం అతికించాల్సి వచ్చింది. మాటలతో ఆయన తీసింది ఒకే ఒక్క సినిమా, 1937లో గంగావతరణ్. 1944 ఫిబ్రవరి 16న నాసిక్‌లో కన్నుమూశారు. అప్పటికి పరిశ్రమ ఆయన్ను దాటి చాలా దూరం వెళ్లిపోయింది. ఆయన పేరిట అవార్డు వచ్చింది 1969లో. 1974కి గాను మన బీఎన్ రెడ్డికీ, 1980కి గాను కరీంనగర్‌లో పుట్టిన పైడి జైరాజ్‌కూ దక్కింది అదే.

కొత్త టెక్నాలజీని దేశానికి పరిచయం చేసిన మనిషే ఇంకో కొత్త టెక్నాలజీ దగ్గర ఆగిపోయారు. ఇప్పుడు ఏఐ గురించి భయపడుతున్న మనకు ఇది చేదుగానే ఉంటుంది. కానీ బఠానీ నాటినప్పుడు ఆయన వయసు మీ వయసుకు దాదాపు రెట్టింపు. మళ్లీ నేర్చుకోవడానికి మీకు ఇంకా చాలా టైముంది.

మీ రిపోర్టు మూలలో

ఇప్పుడు చిన్న పని చెప్తా. ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టు ఎలాగూ అచ్చు వేయించాలి. దాని మూలలో మీ బఠానీ నాటండి.

రిపోర్టును లేటెక్‌లో టైప్‌సెట్ చేస్తే ఇది సులువు. బొమ్మల ఫైళ్లకు 1, 2, 3 అని వరసగా పేర్లు పెట్టండి. ప్రతి పేజీ ఫుటర్‌లో, ఆ పేజీ నంబరున్న బొమ్మను తెచ్చిపెట్టమని ఒకే ఒక్కసారి రాయండి. మధ్యలో పేరా పెరిగినా, పేజీ జరిగినా బొమ్మల వరస తప్పదు. ఇదే పని కోసం ఫ్లిప్‌బుక్ పేరుతో ఒక ప్యాకేజీ కూడా ఉంది.

కొన్ని జాగ్రత్తలు. పేజీలకంటే బొమ్మలు తక్కువైతే ఫైలు దొరకలేదని ఎర్రర్ వస్తుంది. ముందుమాట పేజీలకు రోమన్ అంకెలుంటాయి కాబట్టి మొదటి చాప్టర్ నుంచే బొమ్మలు మొదలుపెట్టండి. రెండు వైపులా ప్రింట్ తీస్తే బేసి పేజీలకు మాత్రమే బొమ్మ వేయండి, అప్పుడు 60 పేజీలకు 30 బొమ్మలు చాలు. బొమ్మ బయటి అంచుకు దగ్గరగా ఉండాలి, అయితే బైండింగ్ షాపులో అంచు కోస్తారు కాబట్టి కాస్త జాగా వదలండి. ఒక వైపే ప్రింట్ తీసిన 60 పేజీల రిపోర్టును సెకనుకు పది పేజీల చొప్పున వదిలితే ఆరు సెకన్ల సినిమా. ముందుగా గైడ్‌ను అడగడం మర్చిపోవద్దు. ఫార్మాట్ విషయంలో కొన్ని కాలేజీలు ఒప్పుకోవు. ఒప్పుకోకపోతే మీ సొంత కాపీలో వేసుకోండి.

నా రిపోర్టు మూలలో ఒక లైన్ ఫాలోయర్ రోబో గీత వెంట నడిచి, మలుపు దగ్గర తడబడి, మళ్లీ దారిలో పడేది. దానివల్ల నాకు ఉద్యోగం రాలేదు. నిజం చెప్పాలి కదా. కానీ ఒక ఇంటర్వ్యూలో రిపోర్టు చేతికిస్తే, వాళ్లు దాన్ని చదవకుండానే రెండుసార్లు తిప్పి చూశారు. మలుపు దగ్గర ఎందుకు తడబడిందని అడిగారు. సెన్సర్ల గురించి పావుగంట మాట్లాడాను. అంతకుముందు ఏ ఇంటర్వ్యూలోనూ నా గురించి నేను చెప్పుకోవడమే తప్ప, నా పని గురించి వాళ్లు అడిగింది లేదు.

మా మక్తల్ చుట్టుపక్కల కంది చేలకు కొదవ లేదు. ఇంట్లో నాలుగు కంది గింజలు, ఒక పాత డబ్బా, కదలకుండా నిలబెట్టిన ఫోను ఉంటే చాలు. రోజూ ఒకే టైముకు, ఒకే చోటు నుంచి ఒక ఫొటో తీయండి. ముప్ఫై రోజుల తర్వాత ముప్ఫై పేజీల మూలల్లో అతికించి, మీ ఇంట్లోవాళ్ల చేతికివ్వండి. నోటిఫికేషన్ వచ్చేదాకా ఎదురుచూసే నెల ఎలాగూ గడిచిపోతుంది. గింజ ఈరోజే నాటండి.