గోలకొండ పత్రిక సంపాదకుడు

ఆబిడ్స్ ప్రాంతంలో ఆరాధనకు వెళ్లే ప్రియులు రెడ్డి హాస్టల్ పేరు వినే ఉంటారు. 1920 దశకంలో ఆ విద్యార్థుల బాగోగులు చూసిన పర్యవేక్షకులు సురవరం ప్రతాపరెడ్డి గారు. 1896లో పుట్టి, మద్రాసులో బి.ఏ. చదివి, న్యాయశాస్త్రంలోనూ పట్టా పొందారు. వకీలు వృత్తి మాత్రం ఆయనను ఎక్కువకాలం పట్టి ఉంచలేకపోయింది.

నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ, పై చదువుల భాషా ఉర్దూయే. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇంగ్లీషు లేకుండానే ఉన్నత విద్య చెప్పవచ్చని చూపింది. అది గొప్ప పనే. కానీ ఆ రాజ్యంలో ఎక్కువమంది ఇంటి భాష ఉర్దూ కాదు. 1921లో నగరంలో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే శ్రోతలు గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది.

అలాంటి నగరంలో 1926 మే 10న ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రిక ప్రారంభించారు. వారానికి రెండు సంచికలు. సంపాదకీయం రాయడం మొదలు ప్రూఫులు దిద్దడం దాకా చాలా పనులు ఆయనే చేసేవారు. (చిన్న పత్రికలు నడిపేవారికి ఇది కొత్త సంగతి కాదు!) తెలంగాణలో కవులే లేరని ఎవరో రాస్తే ఆయన వాదానికి దిగలేదు. ఊరూరి నుండి పద్యాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు.

ఆయనకు ఇతర భాషల మీద ద్వేషం లేదు. ఉర్దూ, పారశీకం, సంస్కృతం, ఇంగ్లీషు అన్నీ వచ్చు. ఇంగ్లీషు నేర్చుకోవాలంటే తెలుగు వదిలేయాలని అనుకుంటున్నది మనమే. మన సంఘాల్లో ఎందరు పిల్లలు తెలుగు పాటను ఫోనులో ఇంగ్లీషు అక్షరాల్లో చూసి పాడుతున్నారో గమనించారా? వాక్యం చదవమంటే అమ్మమ్మ వైపు చూస్తారు. పాఠశాలల్లో తెలుగును తప్పనిసరి చేస్తూ 2018లో తెలంగాణలో చట్టం వచ్చింది. అయితే ఇంట్లో బైబిలు ఏ భాషలో తెరవాలో చట్టం చెప్పదు, అది తల్లిదండ్రుల పని.

1949లో వెలువడిన ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధాలకన్నా మామూలు జనం తిండి, బట్ట, ఆటపాటలకే ఎక్కువ చోటు దొరికింది. 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికై, మరుసటి ఏడే కన్నుమూశారు. 1955లో తెలుగుకు వచ్చిన మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ పుస్తకానికే. అందుకోవడానికి ఆయన లేరు. నాంపల్లిలో 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయానికి 2025లో ఆయన పేరు పెట్టారు.