గణితకవి పావులూరి మల్లన

నన్నయభట్టారకుని కాలముననో, ఆ వెంటనే రెండు తరములలోపలనో, తెలుగున లెక్కలను సైతము పద్యములుగా కూర్చిన మహనీయుడు పావులూరి మల్లన. వేంగీశ్వరుడైన రాజరాజనరేంద్రుడు పిఠాపుర ప్రాంతమందలి నవఖండవాడను మల్లన అనువానికి దానమొసగెను. ఆ ప్రతిగ్రహీతయే గ్రంథకర్తయని కొందరు పండితులును, అతని మనుమడైన మరియొక మల్లన గ్రంథకర్తయని కొందరును వాదించిరి. నాకు రెండవదే సబబుగా తోచును. తాత పేరు మనుమనికి పెట్టుట మన యిండ్ల వాడుకయే గదా!

9వ శతాబ్దిలో అమోఘవర్షుని యేలుబడిలో మహావీరాచార్యుడను జైనుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. మల్లన దానిని తెనిగించెను. మక్కికి మక్కి దింపలేదు; తాను శైవుడగుటచే జినస్తుతులున్న తావుల శివుని నిలిపెను.

ఆయన పద్యములలో మిక్కిలి ప్రసిద్ధమైనది చదరంగపు లెక్క. బల్లపై గడులు 64. మొదటి గడిలో ఒకటి నుంచి, ప్రతి గడికిని రెట్టించుచు పోయినచో మొత్తమెంత? 18446744073709551615. కోటిని కోటితో హెచ్చించి, ఆ వచ్చినదానిని మరల 1,84,467 మార్లు వేసినను ఇంకను కొంత మిగులును. ఈ యిరువది అంకెలను మల్లన ఒక్క చంపకమాలలో ఇమిడ్చెను. బాణములనగా ఐదు, చంద్రుడనగా ఒకటి, ఆకాశమనగా సున్న. ఒకట్ల స్థానమునుండి ఎడమకు చదువుకొనవలెను.

ఒక ఆదివారము గ్రంథాలయమునకై పాత పుస్తకములు కొన హైదరాబాదు పోయి, ఆబిడ్సు కాలిబాట అంగళ్లు తిరిగి, సాయంత్రము నాంపల్లి స్టేషనులో బండికై కూర్చుండి ఈ లెక్కను రసీదు వెనుక వేసితిని. నాకు వచ్చిన మొత్తము పద్యముతో కలియలేదు. వెనుకకు పోయి చూడగా 37వ గడియొద్ద చేతిలోని ఒకటిని కలుప మరచితిని. పద్దులు వ్రాసి తల నెరసినవాడను, సిగ్గుపడితిని. తాటాకులపై ఎందరు వ్రాయసగాండ్రు ఎన్ని మార్లు ఎత్తి వ్రాసిరో! అయినను అంకె చెడలేదు. మాట తప్పిన ఛందస్సు పట్టుకొనును. ఛందస్సుకు దొరకని తప్పును లెక్క పట్టుకొనును.

ఇక ఈ సంఖ్య జాతి యేమన, ఇది బేసి సంఖ్య. ప్రధాన సంఖ్య, అనగా ఒకటిచేతను తనచేతను తప్ప భాగింపబడనిది, మాత్రము కాదు. మొదటి 32 గడుల మొత్తము 4294967295. దానిని 4294967297చే గుణించిన బల్ల మొత్తము వచ్చును. ఈ రెండవది ప్రధానమని 17వ శతాబ్దిలో ఫ్రాన్సు దేశీయుడు ఫెర్మా తలచెను. 1732లో ఆయిలరు అది 641చే తెగునని చూపెను. కావున మల్లన సంఖ్య 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను ఏడు ప్రధానముల గుణకారఫలము. సరిచూడదలచిన బాలురు రసీదు కాక పెద్ద కాగితమే తెచ్చుకొనవలెను.