మల్లెపూదండ గ్రుచ్చిన కవి

మన పాఠశాలలో సభ జరిగినపుడెల్ల పిల్లలు లేచి నిలిచి ‘మా తెలుగు తల్లికి మల్లెపూదండ’ పాడుదురు. ఇటీవల మేము తరగతిలో ఆ పాటను వ్రాసినవారెవరని అడుగగా, కొందఱు టంగుటూరి సూర్యకుమారిగారి పేరు చెప్పిరి, తక్కినవారు మిన్నకుండిరి. పాట నోటికి వచ్చిన పిల్లలకు కవి పేరు తెలియకపోవుట మాకు వెలితిగా తోచినది. అందుచేత ఆయన చరిత్రమును విద్యార్థులకును, వారి తలిదండ్రులకును సంగ్రహముగా విన్నవించుచున్నాము.

శంకరంబాడి సుందరాచారిగారు 1914 ఆగస్టు 10వ తేదీన తిరుపతిలో జన్మించిరి. మదనపల్లెలో చదివిరి. చిన్ననాటనే తండ్రిగారు మందలింపగా పౌరుషముతో ఇల్లు విడిచిరి. పొట్టకూటికై హోటలులో వడ్డన చేసిరి. రైలుస్టేషనులో మూటలు మోసిరి. ఆంధ్రపత్రికలో అచ్చుతప్పులు దిద్దిరి. ఉపాధ్యాయులుగను, పాఠశాలల పర్యవేక్షకులుగను పనిచేసిరి. అభిమానమునకు భంగము కలిగినపుడు ఉద్యోగమునే వదలుకొనిరి గాని తల వంచలేదు. తేటగీతి యన్న వారికి ప్రాణము. రవీంద్రుని గీతాంజలిని తెనిగించిరి. సుందర రామాయణమును రచించిరి.

1942లో వెలువడిన ‘దీనబంధు’ చిత్రము కొఱకు వారు ఈ పాటను వ్రాసిరి. అందు నటించినవారు చిత్తూరు నాగయ్యగారు. అప్పటికి తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రము లేదు. కోస్తా, రాయలసీమ జిల్లాలకు ఈ చెన్నపట్టణమే రాజధాని. పాటకు చిత్రములో చోటు దొరకలేదు. అంతటితో అది మఱుగుపడవలసినదే. కాని గ్రామఫోను కంపెనీవారు దానిని సూర్యకుమారిగారిచే పాడించి రికార్డుగా తెచ్చిరి. ఆమె ప్రకాశం పంతులుగారి సోదరుని కుమార్తె. చిత్రము కాదన్న పాట ఆ రికార్డు మూలమున తెలుగువారి యింటింటికి చేరెను.

1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినవి. 1975లో హైదరాబాదున ప్రథమ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినవి. ఆ కాలముననే ఈ పాటకు రాష్ట్రగీత గౌరవము లభించినది. 2010లో వచ్చిన ‘లీడర్’ చిత్రములోను అది మరల వినిపించినది. చిత్రమునుండి జారిపోయిన పాట చిత్రములోనికే తిరిగివచ్చినది! ఆమె ఒంటిగా పాడిన దానిని నేడు బడిపిల్లలు వందలమంది ఒక్కగొంతుగా పాడుచున్నారు.

కవి మాత్రము సిరిసంపదలెఱుగక 1977 ఏప్రిల్ 8వ తేదీన కన్నుమూసిరి. తిరుపతిలో వారి విగ్రహము కలదు.

బాలబాలికలారా! పాడువారుండిన పాట నిలుచును. పలుకువారుండిననే కవి పేరు నిలుచును. ఈ పాట మన నగరపు రాజధాని దినములలో పుట్టినది గనుక, దానిని పాడునపుడు మీరిచ్చట పరాయివారమని తలపవలదు. వచ్చు సభనుండి పాటకు ముందు ఒక విద్యార్థి వేదికపైకి వచ్చి శంకరంబాడి సుందరాచారిగారి పేరు చెప్పునట్లు ఏర్పాటు చేయుచున్నాము. తలిదండ్రులు ఇంటికడ ఆ పేరును ఒకసారి పిల్లలచేత వ్రాయింపగోరుచున్నాము.