మెదకు మందిర నిర్మాత పోస్నెట్ గారు

గండిపేట చెరువు మొయినాబాదు వారికిని చేవెళ్ల వారికిని క్రొత్త కాదు. 1908 నాటి మూసీ వరద పిమ్మట నిజాము ప్రభుత్వము పూనుకొని కట్టింపగా అది 1920లో పూర్తియైనది. ఆ దినములలోనే, మనకు ఉత్తరముననున్న మెదకులో మఱియొక గొప్ప కట్టడము లేచుచుండెను. దానిని కట్టించినవారు రాజు కారు, జాగీర్దారు కారు. చార్లెస్ వాకర్ పోస్నెట్ అను ఆంగ్లేయ మతబోధకులు.

వెస్లియను సంఘమువారి పక్షమున ఆయన 1895లో సికింద్రాబాదునకు వచ్చి, కొంతకాలము తిరుమలగిరిలో తెల్లసిపాయిలకు బోధించి, మరుసటి యేట మెదకు చేరిరి. అక్కడ ప్రార్థనకు ఉన్నది చిన్న పూరిపాక. ఆయన సోదరియు వచ్చి స్త్రీలలో పనిచేసిరి. మాల మాదిగవాడలే వారికి కార్యక్షేత్రము.

1914లో పెద్ద మందిరమునకు పని మొదలైనది. ఆ యేడే ఐరోపాలో మహాయుద్ధము. వెనువెంటనే కరవు, ధరల పెరుగుదల, 1918లో ఇన్‌ఫ్లుయెంజా జ్వరము. నేను లెక్కలు వ్రాసి బ్రదుకువాడను. జమ నిలుకడగా లేనపుడు ఖర్చు ఆపుమనుట మా వృత్తిధర్మము. నన్నడిగియుండిన, రోజులు బాగుపడువఱకు పని నిలుపుడని చెప్పియుందును. అట్లు చెప్పి పొరబడియుందును. ఆకలిగొన్న పల్లెలకు ఆ పనియే ఆధారమయ్యెను. రాయి మోసినవారికి, మన్ను ఎత్తినవారికి కూలిగా తిండి దొరకెను. చేయి చాచి తిన్న మెతుకు వేఱు, చేసి తిన్న మెతుకు వేఱు. ఆ ప్రాంతమునకు మెతుకుసీమ యను పేరుండుట ఎంత తగియున్నది! దేవునికి గుడి కట్టుటయు, పేదకు అన్నము పెట్టుటయు పోస్నెట్ గారికి రెండు పద్దులు కావు. ఆ విశ్వాసమే ఆయనను పదేండ్లు చలింపక నిలిపినది. భాగవతమునందలి రంతిదేవుని కథ తెలిసిన మనకు ఇది అర్థముకాని సంగతి కాదు.

అన్నము కొఱకే క్రీస్తును నమ్మిరని ఎత్తిపొడుచువారు కలరు. కొందఱట్లు చేరియుందురు, కాదనను. మఱి కరవు తీరిన తరువాత ఆ నమ్మకమును వీడక పట్టుకొనియుండుటకు కారణమేమి? నేటికిని క్రిస్మసునాడు వేలకొలది జనము అచట గూడుచున్నారు.

1924 డిసెంబరు 25న మందిర ప్రతిష్ఠ జరిగినది. శిఖరము ఎత్తు సుమారు 173 అడుగులు. లోపల అయిదువేలమందికి చోటు గలదు. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడగా అది మెదకు అధ్యక్షమండలమునకు ప్రధానాలయమయ్యెను.

చూడబోవువారు రంగు అద్దముల కిటికీలు మూడింటిని తప్పక చూడవలెను. క్రీస్తు ఆరోహణము 1927లోను, జననము 1947లోను అమర్చిరి. సిలువ చిత్రము గల కిటికీ 1958లో వచ్చినది. అప్పటికి పోస్నెట్ గారు లోకమున లేరు.